పోలిక వీధి

వాతావరణ హెచ్చరికల విభాగం ప్రధాన అధికారి గారి సముఖమునకు, కాలువ దిగువ కాలనీ, మూడో వీధి టైలరు వ్రాయించుకున్న మనవి.

విషయం: మా వీధిని "పోలిక వీధి" జాబితా నుండి తొలగించుట, ఒక మృతురాలి ఫారములో తప్పుగా పడిన గుర్తును సరిచేయుట, మరియు నాపై చర్య తీసుకొనుట గురించి.

సూచిక: ఇదివరలో నేను పెట్టుకున్న రెండు అర్జీలు, వాటికి బదులుగా తమ కార్యాలయము పంపిన రెండు అభినందన పత్రములు.

అయ్యా,

1. నేను మూడో వీధిలో ఇరవై ఆరు సంవత్సరములుగా బట్టలు కుట్టి జీవించినవాడను. ప్రస్తుతము కుడిచేతికి బొటనవేలు తప్ప తక్కిన వేళ్లు లేనందున ఈ అర్జీని నేను చెప్పుచుండగా మా అక్క కూతురు వ్రాయుచున్నది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. తల్లి పోయినప్పటి నుంచి, అనగా ఎనిమిది నెలలుగా, నా ఇంట్లోనే ఉంటున్నది. మునుపటి రెండు అర్జీలు కోర్టు ముందు కూర్చుని టైపు చేసే ఆయన చేత వ్రాయించాను. బయటి మనిషి కదా అని ఆయనకు సగమే చెప్పాను. ఆ సగం చదివినందువల్లనే తమకు నాలో తప్పు కనబడలేదని అనుకొనుచున్నాను. ఈసారి మొత్తం చెప్పదలచినాను.

2. రెండేళ్ల క్రితం తమ విభాగం నుంచి ఇద్దరు మా వీధికి వచ్చిన సంగతి తమకు తెలియును. ఒకరు మబ్బుల లెక్క చూసే యువకుడు. మా వీధివాళ్లు ఆయనకు రాడారు సారని పేరు పెట్టారు. రెండోవారు మనుషులు ఎప్పుడు ఎందుకు ఎలా నడుచుకుంటారో చదువుకున్నావిడ. ఆవిడ సర్వే మేడం. ఇద్దరూ ఎండలో తిరిగి తిరిగి నా దుకాణంలో నీళ్లు తాగడానికి ఆగారు.

"మేం ముందు రోజే చెప్తామండీ. ఎంత వాన, ఏ టైముకి, అన్నీ చెప్తాం. మా లెక్క తప్పట్లేదు. మరి మనుషులెందుకు పోతున్నారు?" అన్నాడు రాడారు సారు, నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద మోచేతులు ఆనించి.

"లెక్క మీది, చెవులు వాళ్లవి. ఆ మధ్యలో ఏం జరుగుతోందో చూడ్డమే నా పని," అంది మేడం.

ఆవిడ ఇంటింటికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగింది. ప్రమాదం వస్తోందని ఎవరు చెబితే మీరు నమ్ముతారు? మా వీధిలో నలభై ఒక్క ఇళ్లు. ముప్పై ఆరు ఇళ్లవాళ్లు టైలరు అన్నారు. టీవీ కంటే, పోలీసు జీపు మైకు కంటే నేనే నయమట. కారణం కూడా రాసుకుంది. బుధవారం అంటే బుధవారమే ఇస్తాడు. గుడ్డ చాలకపోతే చాలదని ముఖం మీదే చెప్తాడు. మా అక్క ఇంకో మాట చేర్చింది. "వాడు అబద్ధం ఆడబోతే ముందే చెవులు ఎర్రబడతాయి మేడం. చిన్నప్పటి నుంచీ అంతే." మేడం నవ్వి అది కూడా రాసుకుంది.

3. తదుపరి తమ హాలులో శిక్షణ జరిగినది. ఇరవై వీధుల నుంచి ఇరవై మందిమి. అందరికీ నీలం బ్యాడ్జీలు, వాటి మీద "నమ్మకస్తుడు" అని అచ్చు. తమరే స్వయంగా కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నన్ను ఒక హాలులో కూర్చోబెట్టి మాట్లాడినవారు అంతకుముందు లేరు. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నానో తమకు అయిదో అంశములో తెలియగలదు.

ఒక ప్లాస్టిక్ డబ్బాలో చీటీలు వేశారు. పది వీధులకు కొత్త మాట, పది వీధులకు పాత మాట. కొత్త మాట మేడం తయారుచేసినది. పాత మాట తమ ఆఫీసు ఎప్పుడూ పంపేది. రెండూ ఒకే రోజున పక్కపక్క వీధుల్లో చదివితేనే ఏది జనాన్ని కదిలిస్తుందో తేలుతుందని చెప్పారు. నా చేతికి పాత మాట చీటీ వచ్చింది. మా వీధి పోలిక వీధి అయినది. రెండో వీధి కాంపౌండరుకు కొత్త మాట వచ్చింది. అడిగింది కూడా ఆయనే.

"మరి పాత మాట పడ్డవాళ్లకు అన్యాయం కాదా అండీ?"

"ఇప్పుడు వాళ్లకు ఏం అందుతోందో అదే అందుతుంది. ఒక్క పిసరు తగ్గడం లేదు కదా," అన్నారు తమరు.

అందరం తలలూపాము. తర్వాత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇచ్చింది ఇచ్చినట్టు చదవాలి. ఎవరైనా ఇంకేమైనా అడిగితే "నాకిచ్చింది ఇదే" అని మాత్రం చెప్పాలి. ఆ సంతకం నేను కుడిచేత్తోనే పెట్టాను.

4. గత వానాకాలము, ఆ రోజు ఉదయం పదింటికి తమ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి కాగితం ఇచ్చాడు. నేను బ్యాడ్జీ పెట్టుకుని వీధి మొదలు నుంచి చివరి దాకా నాలుగు చోట్ల నిలబడి చదివాను. "రాగల ఇరవై నాలుగు గంటలలో అక్కడక్కడ భారీ నుండి అతి భారీ వర్షములు కురియు అవకాశము కలదు. లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తముగా నుండవలెను."

"అక్కడక్కడ అంటే ఇక్కడా, అక్కడా?" అని రిటైరైన రైలు గార్డు గారు వరండాలోంచి కేకేశారు. నలుగురు నవ్వారు.

"అప్రమత్తంగానే ఉన్నాంలే, కూర్చోవయ్యా," అన్నారు ఇంకెవరో.

మా అక్క ఇల్లు వీధి చివర, రోడ్డు కంటే మూడు మెట్లు దిగువన. మోకాళ్ల నొప్పుల వల్ల చేతికర్ర లేనిదే లేవదు. గడపలో కూర్చుని చివరి దాకా విన్నది.

"ఇవి నీ మాటల్లా లేవురా. మామూలుగా చెప్పు. ఉండమంటావా, పొమ్మంటావా?"

"నాకిచ్చింది ఇదే అక్కా."

ఆమె నా మొహంలోకి చూసింది. "అయితే ఏం లేదులే. ఉంటే నువ్వు చెప్పవూ?" అని లోపలికి వెళ్లి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

అప్పటి వరకు నాకు కూడా ఏమీ తెలియదు. అప్పటి వరకు జరిగినదానికి నన్ను ఎవరూ ఏమీ అనలేరు.

5. పదకొండున్నరకు రెండో వీధి కాంపౌండరు నా దుకాణం మెట్టు దగ్గర ఆగాడు. ఒళ్లంతా చెమట. భుజాన ఎవరో ముసలావిడ మందుల సంచి. చేతిలో కాగితం ఉంది. ఆయన నాకు చూపించలేదు. నేనే చూశాను. పెద్ద అక్షరాలు. నాకు ఒక్కొక్క ముక్క గుర్తుంది.

"ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు మీ ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్లు వస్తాయి. మధ్యాహ్నం రెండు గంటలలోపు మేడ స్కూలుకు వెళ్లండి. నడవలేనివారిని ముందు తీసుకువెళ్లండి. ఆలస్యం చేస్తే తలుపు తెరుచుకోదు."

మబ్బు ఒకటే. కాలువ ఒకటే. రాడారు సారు లెక్క కట్టింది ఒకటే లెక్క. మా వీధి వాళ్లది ఛాతీ కాదా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుచున్నాను.

కాంపౌండరు నా మొహం చూసి "మీకు ఇది ఇవ్వలేదా?" అన్నాడు. నేను నా కాగితం చూపించాను. చదివి వెళ్లిపోయాడు. ఆయన వీధి ఆయనకు ఉంది.

ఇక్కడ కలం ఆగినది. ఈ సంగతి వ్రాస్తున్న పిల్లకు ఇప్పుడే తెలియుచున్నది. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉండి ఎదురుగా చెప్పలేక, అర్జీ పేరు పెట్టి చెప్పుచున్నాను. "నీకు తెలుసా మామయ్యా?" అని అడిగింది. తెలుసమ్మా అన్నాను. "అప్పటికి టైమెంత?" అంది. పదకొండున్నర అన్నాను. అది కూడా వ్రాయమన్నాను. వ్రాస్తున్నది.

నేను మేడంకు ఫోన్ చేశాను. రెండో వీధి కాగితం చూశాను, మా వీధికి కూడా అదే చెప్పేస్తాను అన్నాను.

"దయచేసి ఏమీ కలపకండి. ఇరవై వీధుల్లో ఒక్క వీధి పాడైనా రెండేళ్ల పని పోతుంది. లెక్క తప్పి నీళ్లు రాకపోవచ్చు కూడా," అంది.

"మా అక్క నడవలేదు మేడం."

"మీరు సంతకం పెట్టారు," అంది మెల్లగా.

నేను ఫోన్ పెట్టేసి మిషను ముందు కూర్చున్నాను. ఒక పెళ్లికొడుకు కోటుకు కాజాలు కుట్టాను. మా దుకాణం ముందు నుంచే రెండో వీధి వాళ్లు స్కూలు వైపు నడిచి పోయారు. మూటలు, బకెట్లు, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తున్న ముసలాయన. రైలు గార్డు గారు నా దగ్గరికి వచ్చి, "వాళ్లంతా ఎక్కడికయ్యా?" అన్నారు.

"ఏమో," అన్నాను.

అయ్యా, తమకు కనబడని తప్పు అదే. రెండే అక్షరములు. అది తమ కాగితములో లేదు, అది నేను కలిపినది. ఎందుకన్నానని ఈ ఎనిమిది నెలలుగా ఆలోచించాను. భయం కాదు. హాలులో తమరు చూపిన కుర్చీ నాకు తీపిగా ఉండినది. ఇచ్చిన మాట తప్పనివాడని ముప్పై ఆరు ఇళ్లవాళ్లు అన్నది నిజం చేయాలనిపించినది. ఎవరికి ఇచ్చిన మాట అని ఆలోచించలేదు.

6. పన్నెండున్నరకు ఈ పిల్ల కళ్లజోళ్ల దుకాణం నుంచి వాళ్ల అమ్మకు ఫోన్ చేసింది. రెండో వీధి వాళ్లు వెళ్లిపోతున్నారట, ఆటో తీసుకుని వచ్చేయనా అని. తల్లి అన్నది, "మీ మామయ్య పొద్దున చదివాడు, పొమ్మనలేదు. నువ్వు పని మానుకుని రాకు." ఈ పిల్ల రాలేదు. తాను రాకపోవడం వల్లనే అమ్మ పోయిందని ప్రతిరోజూ ఏడ్చింది. నీ తప్పేం లేదమ్మా అని నేను తల నిమిరేవాడిని. తప్పు ఎవరిదో చెప్పేవాడిని కాదు.

7. మూడూ యాభైకి కాలువ కట్ట దాటి నీళ్లు వచ్చాయి. రాడారు సారు లెక్క పది నిమిషాలే తేడా. నేను వీధి చివరికి పరుగెత్తేసరికి మా అక్క గుమ్మం దగ్గర నీళ్లు నా ఛాతీ దాకా ఉన్నాయి. ఆ తలుపు బయటికి తెరుచుకునేది. గుంజగా గుంజగా నాలుగు వేళ్లు పట్టేంత సందు వచ్చింది. చెయ్యి పెట్టాను. వెనక నుంచి ఎవరి ఇంటిదో నీళ్ల డ్రమ్ము కొట్టుకువచ్చి తలుపును గుద్దింది. వేళ్లు లోపల, నేను బయట.

"ఎవరది? తమ్ముడా?" అంది లోపల్నుంచి.

"నేనే అక్కా."

"ఇన్ని నీళ్లలో ఎందుకొచ్చావురా, వెళ్లు. నేను మంచమెక్కాలే." తర్వాత నా వేళ్లు పట్టుకుంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. "ఇంత వస్తుందని ఎవరికి తెలుసురా, పాపం," అంది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి టైము ఉంది. చాలాసేపు ఉంది. ఆమె పట్టు వదిలే దాకా ఉంది.

ఆరింటికి పడవ వాళ్లు తలుపు పగలగొట్టి నన్ను విడిపించారు. మూడో వీధిలో తొమ్మిది మంది పోయారు. రైలు గార్డు గారు, ఆయన భార్య అందులో ఉన్నారు. రెండో వీధిలో ఒకరికి కాలు బెణికింది.

8. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన పదకొండో రోజున తమ మనిషి ఫారముల కట్ట తెచ్చాడు. పోయిన ఒక్కొక్కరి గురించి వారి దగ్గరి బంధువును అడిగి పూరించాలట. నమ్మకస్తుడు అడిగితేనే జనం నోరు విప్పుతారట. పోయినవారి ఇళ్లన్నింటికీ వెళ్లాను. వాళ్లు నాకు కుర్చీ వేసి, చేతికి కట్టు చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు. "అక్కను కాపాడబోయి చెయ్యి పోగొట్టుకున్నాడు," అన్నారు. నేను అదేమీ కాదని అనలేదు.

ఎందుకు ఖాళీ చేయలేదు అనే ప్రశ్నకు తమ ఫారములో నాలుగే గడులు ఉన్నవి. ఒకటి, హెచ్చరిక వినలేదు. రెండు, విన్నారు, అర్థం కాలేదు. మూడు, అర్థమైంది, నమ్మలేదు. నాలుగు, నమ్మారు, వెళ్లే వీలు లేదు. మా అక్క సంగతి ఈ పిల్లను అడగలేక, నేనూ బంధువునే గనుక నన్ను నేనే అడిగి మూడో గడిలో గుర్తు పెట్టాను. ఎడమ చేతి గీత కావడం వల్ల వంకరగా ఉండును, తమరు గుర్తు పట్టగలరు.

అది తప్పు. ఆమె నమ్మింది. నమ్మినందుకే ఉండిపోయింది. ఆ గడి తమ ఫారములో లేదు.

9. తరువాత తమ హాలులో ఫలితములు చదివారు. తక్కిన పద్దెనిమిది వీధుల్లోకి నీళ్లు రాలేదు. కనుక తేడా తేల్చినది మా రెండు వీధులే. తెర మీద పోయినవారి సంఖ్యకు రెండు గీతలు, మా వీధిది పొడుగు, రెండో వీధిది సున్నా. "ఫలితం మేం ఆశించినదానికంటే బలంగా వచ్చింది," అని తమరు అన్నారు. చప్పట్లు కొట్టారు. నా పేరు పిలిచి పత్రం ఇచ్చారు. నియమపాలన నూటికి నూరు అని అందులో ఉంది. పత్రాన్ని ఎడమచేత్తో అందుకున్నందుకు వెనక ఎవరో గొణిగారు.

చప్పట్లలో మేడం లేరు. బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"ఆ రోజు ఫోన్‌లో అలా అన్నాను గానీ, ఎలాగూ మీరు చెప్పేస్తారనే అనుకున్నాను. సొంత అక్క కదా. ఎవరైనా చెప్పేస్తారు," అన్నారు.

"మీరు చెప్పొద్దన్నారు కదా మేడం."

"అన్నాను," అని ఆవిడ మొహం తిప్పుకున్నారు. మనుషులు ఎలా నడుచుకుంటారో చదువుకున్న మనిషి నా విషయంలో పొరబడింది. నా మీద ఆవిడకు ఉన్న ఆ కాస్త మంచి అభిప్రాయం కూడా నేను నిలబెట్టలేదు.

10. ఇప్పుడు వానలు ఐదు వారాల్లో ఉన్నవి. కొత్త మాట బాగా పనిచేసినదని తేలినందున అన్ని వీధులకూ అదే ఇస్తారని ఆశపడితిమి. గత మంగళవారము తమ ఉత్తరము వచ్చినది. ఒక్క ఏడాది ఫలితముతో పైవారు తృప్తి పడనందున ఇంకొక వానాకాలము పరీక్షించవలసి ఉన్నదనియు, వీధులను మార్చిన పోలిక చెడును గనుక మూడో వీధి యథాతథముగా పోలిక వీధిగానే కొనసాగుననియు, నమ్మకస్తునిగా నన్నే ఉంచుటకు ఇష్టపడుచున్నామనియు అందులో ఉన్నది. అడుగున తమ సంతకం.

ఇప్పుడు మా వీధిలో ముప్పై రెండు ఇళ్లలోనే మనుషులు ఉన్నారు. మొన్న వాళ్లు నా దుకాణానికి వచ్చి, "ఈసారి నువ్వు ఏం చదివినా మేం నీ మొహం చూసి నిర్ణయించుకుంటాం," అన్నారు. ఇంకా నన్నే నమ్ముతున్నారు. వేళ్లు పోయిన చెయ్యి చూసేసరికి ఆ నమ్మకం రెట్టింపయింది.

కావున నా మనవి ఏమనగా: మూడో వీధికి ఛాతీ లోతు అని, రెండు గంటలలోపు అని, తలుపు తెరుచుకోదు అని చెప్పే మాటనే ఇప్పించవలెను. మా అక్క ఫారములో మూడో గడి కొట్టివేసి, అయిదో గడి ఒకటి గీసి, "తమ్ముడిని నమ్మింది" అని వ్రాయించవలెను. నమ్మకస్తుల జాబితా నుండి నన్ను తీసివేసి, ఎందుకు తీసివేసినారో మూడో వీధిలో నాలుగు చోట్ల నిలబడి చదివించవలెను. నేను చదివితే నా మొహం చూసి క్షమించేస్తారు గనుక వేరొకరిచేత చదివించవలెను. "ఏమో" అన్నందుకు నాపై చర్య తీసుకొనవలెను. ఏ చర్య అన్నది తమ ఇష్టము. అభినందన మాత్రము వద్దు.

తమరు పెద్ద మనసుతో కాకపోయినా, ఒక్కసారి పూర్తిగా చదివి చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
మూడో వీధి టైలరు
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

తా.క. ఈ కింది ముక్క మామయ్య చెప్పింది కాదు, నేను సొంతంగా రాస్తున్నాను. పైనదంతా ఆయనకు ఒకసారి చదివి వినిపించాను. బాగుందన్నారు. తన మీద చర్య తీసుకోమని మిమ్మల్ని అడిగారు. మీరు తీసుకోరు, ఇంకో పత్రం పంపుతారు, నాకు తెలుసు. అందుకని నా బట్టలు సంచిలో పెట్టుకున్నాను. ఈ అర్జీ మీ ఆఫీసులో ఇచ్చి, అటునుంచి అటే మా దుకాణం అమ్మాయిలుండే హాస్టలుకు వెళ్లిపోతాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. గుమ్మంలో కూర్చుని "అయిందా అమ్మా?" అని అడుగుతున్నారు. అయిందన్నాను. ఇవాళ పొద్దున కూడా ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టాను. రేపు ఎవరు పెడతారో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

జవాబు పంపేటప్పుడు మాత్రం కవరు అంటించకుండా పంపండి. ఒంటిచేత్తో చింపుకోలేరు.